పాఠకుల ప్రశ్నలు: బిల్డర్‌తో కట్టిన సైటులో సొంత కోడ్

బెంగళూరు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం. విక్స్, స్క్వేర్‌స్పేస్, వర్డ్‌ప్రెస్, గూగుల్ సైట్స్ లాంటి బిల్డర్లతో, అంటే కోడ్ రాయకుండానే వెబ్‌సైటు కట్టుకునే సాధనాలతో, సైటు కట్టుకున్నారు. బయట దొరికిన కోడ్ ముక్కను అందులో పెట్టబోతే పనిచేయలేదు. ఉత్తరాలతో పాటు పంపిన కోడ్‌లన్నీ చూశాం. సగానికి పైగా కోడ్‌లలో తప్పేమీ లేదు. పెట్టిన చోటే తప్పు.

కోడ్ పంక్తులను ఇక్కడ అచ్చు వేయడం లేదు. పత్రిక పేజీలో నిటారు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులైపోతాయి, వాటిని చూసి టైపు చేసుకుంటే కోడ్ చెడుతుంది. అందుకే ప్రాపర్టీ పేరు, విలువ, పెట్టాల్సిన చోటు మాటల్లోనే చెబుతున్నాం.

ప్రశ్న: ఇంటి దగ్గర నుంచే పచ్చళ్ళు, పొడులు అమ్ముతున్నామండీ. విక్స్‌లో సైటు ఉంది. కింద కుడి మూలన ఎప్పుడూ కనిపించే వాట్సాప్ బటన్ కోడ్ ఒకటి తెచ్చి ‘ఎంబెడ్ హెచ్‌టీఎంఎల్’ పెట్టెలో పేస్ట్ చేశాం. బటన్ వచ్చింది గానీ పేజీ జరిపితే దానితో పాటే పైకి వెళ్ళిపోతోంది. నొక్కితే వాట్సాప్ రాదు, పెట్టెలోనే ‘రిఫ్యూజ్డ్ టు కనెక్ట్’ అని వస్తోంది. వేరే కోడ్ వెతకాలా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: అక్కర్లేదండీ. ఎంబెడ్ పెట్టె మీ పేజీ గోడకు కోసిన కిటికీ లాంటిది. దాని లోపల నడిచేది వేరే పేజీ. దాన్నే ఐఫ్రేమ్ అంటారు. ఆ లోపలి పేజీని విక్స్ మీ డొమైన్ (సైటు చిరునామా) నుంచి కాక తనదైన మరో డొమైన్ నుంచి పంపుతుంది. ఒక డొమైన్ పేజీలోని కోడ్ మరో డొమైన్ పేజీని ముట్టుకోకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది. ‘పొజిషన్’ విలువ ‘ఫిక్స్‌డ్’ అని కోడ్‌లో ఉన్నా అది ఆ లోపలి పేజీకే వర్తిస్తుంది కాబట్టి, బటన్ ఆ పెట్టె మూలకే అతుక్కుంది, తెర మూలకు కాదు. పెట్టె జరిగితే బటనూ జరుగుతుంది.

‘రిఫ్యూజ్డ్ టు కనెక్ట్’కు కారణం వేరు. లింకు ఎక్కడ తెరుచుకోవాలో చెప్పకపోతే అది తానున్న పెట్టెలోనే తెరుచుకోబోతుంది. వాట్సాప్ తన పేజీని ఇంకొకరి ఐఫ్రేమ్‌లో తెరవనివ్వదు. లింకు ట్యాగ్‌లో ‘టార్గెట్’ అనే గుణానికి ‘అండర్‌స్కోర్ బ్లాంక్’ విలువ ఇస్తే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. ఈ రెండో చిక్కు అక్కడితో తీరుతుంది. మొదటిది మాత్రం ఎంబెడ్ పెట్టెలో ఉన్నంతకాలం తీరదు.

మీ పనికి అసలు కోడే వద్దు. విక్స్ ఎడిటర్‌లో మామూలు బటన్ గానీ బొమ్మ గానీ పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి ‘పిన్ టు స్క్రీన్’ ఎంచుకోండి. కింద కుడి మూల ఇచ్చి, అంచుల నుంచి ఒక 16 పిక్సెళ్ళు వదలండి. లింకుగా వెబ్ చిరునామా ఇవ్వాలి: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, తర్వాత ఏటవాలు గీత, తర్వాత 91, దాని వెంటనే మీ పది అంకెల నంబరు. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు, అడ్డగీతలు ఏవీ ఉండకూడదు. కొనేవాళ్ళకు ‘ఆవకాయ కావాలి’ అన్న సందేశం ముందే టైపై కనిపించాలంటే చివర ప్రశ్నార్థకం, ‘టెక్స్ట్’ అన్న పేరు, సమాన గుర్తు, ఆ తర్వాత సందేశం. తెలుగు సందేశాన్ని లింకులో పెట్టడానికి ఎన్‌కోడ్ చేసినప్పుడు ప్రతి అక్షర గుర్తు తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ‘ఆవకాయ’ ఒక్కటే 45 గుర్తులవుతుంది. శాతం గుర్తులతో పొడుగ్గా కనిపిస్తే కంగారు పడకండి, అది అలాగే ఉండాలి.

కోడ్‌తోనే చేయాలంటే దారి సెట్టింగ్స్‌లోని ‘కస్టమ్ కోడ్’. దానికి డబ్బు కట్టే ప్లాన్, సొంత డొమైన్ రెండూ ఉండాలి. అక్కడ పేస్ట్ చేసిన కోడ్ పెట్టెలో కాక మీ పేజీలోనే నడుస్తుంది. చోటు ‘బాడీ ఎండ్’ ఎంచుకోండి, ‘అన్ని పేజీలు’ అనండి. తర్వాత అడిగే ప్రశ్నే ముఖ్యం: కోడ్ ఒక్కసారే లోడ్ కావాలా, ప్రతి కొత్త పేజీకీ కావాలా? విక్స్ సైటులో ఒక పేజీ నుంచి మరోదానికి వెళ్ళినప్పుడు మొత్తం పేజీ మళ్ళీ లోడ్ కాదు, లోపలి భాగం మాత్రం మారుతుంది. బటన్‌ను సృష్టించి తగిలించే కోడ్‌కు ‘ప్రతి పేజీకీ’ అంటే నాలుగు పేజీలు తిరిగేసరికి ఒకదానిపై ఒకటి నాలుగు బటన్లు పేరుకుపోవచ్చు. ఇలాంటి వాటికి ‘ఒక్కసారి’ చాలు. ఒకే పేజీలో ఉన్న ఏదో వస్తువును వెతికి మార్చే కోడ్‌కు మాత్రం ‘ప్రతి పేజీకీ’ ఇవ్వాలి, లేకపోతే ఆ పేజీకి లింకు ద్వారా చేరినవాళ్ళకు అది నడవదు.

కస్టమ్ కోడ్ ఎడిటర్‌లో కనిపించదు. పబ్లిష్ చేసి, ఇన్‌కాగ్నిటో కిటికీలో చూడండి. ఫోన్‌లో కుకీ నోటీసు కింద అంచునే వస్తుంది కాబట్టి బటన్ దాని వెనక దాక్కుంటోందేమో ఒకసారి గమనించండి. దాక్కుంటే అడుగు నుంచి 80 పిక్సెళ్ళు పైకి లేపండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం కలిసి గూగుల్ సైట్స్‌లో ఉచితంగా ఒక సైటు చేసుకున్నాం. హెడ్ భాగంలో ఒక మెటా ట్యాగ్ పెట్టాలి. ఎక్కడా దారి దొరకలేదు.
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: దారి లేదు. గూగుల్ సైట్స్‌లో పేజీ హెడ్‌ను, అంటే తెర మీద కనిపించకుండా బ్రౌజర్‌కు సమాచారం ఇచ్చే భాగాన్ని, మనం తాకలేం. ఉన్నదల్లా ‘ఎంబెడ్’, అదీ ఐఫ్రేమ్ పెట్టెలోనే. సందర్శకుల లెక్క కోసమైతే సెట్టింగ్స్‌లో అనలిటిక్స్ ఐడీ ఇచ్చే గడి ఉంది. గూగుల్ వెతుకులాటలో సైటు ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో సైటు మీదేనని రుజువు చేయడానికైతే, సొంత డొమైన్ ఉన్నపక్షంలో మెటా ట్యాగ్ బదులు డొమైన్ వివరాల పట్టిక అయిన డీఎన్‌ఎస్‌లో టెక్స్ట్ రికార్డు పెట్టండి. దానికి పేజీతో పనిలేదు, డొమైన్ కొన్నచోట పెట్టే రికార్డు అది.

ప్రశ్న: మల్లేశ్వరంలో కర్ణాటక సంగీతం నేర్పుతాను. పిల్లలకోసం కీర్తనల సాహిత్యాన్ని తెలుగులోనూ కన్నడలోనూ స్క్వేర్‌స్పేస్ సైటులో పెట్టాను. శీర్షికల్లో వత్తులు కింద తెగిపోతున్నాయి. పల్లవి కింద అనుపల్లవి వరుస పైకి ఎక్కి గుడులు, వత్తులు ఒకదాంతో ఒకటి ఢీకొంటున్నాయి. ఫోన్‌లో ఒక రకంగా, లాప్‌టాప్‌లో ఇంకో రకంగా ఉంది. మంచి ఫాంట్ పెడితే సరిపోతుందా?
– ఒక సంగీత ఉపాధ్యాయిని, మల్లేశ్వరం

జవాబు: ఫాంట్ ఒక్కటే చాలదమ్మా. బిల్డర్ టెంప్లేట్ల కొలతలన్నీ ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని వేసినవి. శీర్షికల ‘లైన్ హైట్’ చాలా టెంప్లేట్లలో 1.1 లేదా 1.2 దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది చక్కగానే ఉంటుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటలకు పైన గుడి, కింద రెండంతస్తుల వత్తులు ఉంటే ఆ ఎత్తు ఎక్కడ చాలుతుంది? మార్పులన్నీ పేజీ రూపానికి నియమాలు రాసే ‘కస్టమ్ సీఎస్‌ఎస్’లో చేయొచ్చు. స్క్వేర్‌స్పేస్‌లో ఇది అన్ని ప్లాన్లకూ ఉంది, కోడ్ ఇంజెక్షన్ మాత్రమే పై ప్లాన్లది.

మొదట లైన్ హైట్. శీర్షికలకు 1.5, పేరాలకు 1.7 నుంచి 1.8. యూనిట్ రాయకుండా అంకె మాత్రమే ఇవ్వండి. పిక్సెళ్ళలో ఇస్తే ఫోన్‌లో అక్షరం సైజు మారినప్పుడు వరుస ఎత్తు దానితో పాటు మారదు. మీరు చెప్పిన ఫోన్, లాప్‌టాప్ తేడాకు ఒక కారణం ఇదై ఉండొచ్చు. ఇచ్చాక కూడా వత్తులు తెగుతుంటే ఆ డబ్బాకు ‘ఓవర్‌ఫ్లో’ విలువ ‘హిడెన్’ అని టెంప్లేట్‌లో ఉందన్నమాట. మెనూ బటన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని ‘విజిబుల్’ చేయండి, లేదా బటన్‌కు కింద 4 నుంచి 6 పిక్సెళ్ళ ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వండి.

రెండోది ‘లెటర్ స్పేసింగ్’. శీర్షికలు నాజూగ్గా కనిపించాలని టెంప్లేట్లు అక్షరాల మధ్య ఖాళీ పెంచుతాయి. తెలుగులో అలా చేస్తే మాట విడివిడి ముక్కలుగా చదవాల్సి వస్తుంది. దాన్ని ‘నార్మల్’ చేయండి. ఇటాలిక్ కూడా తీసేయండి. తెలుగు ఫాంట్లకు సాధారణంగా అసలైన ఇటాలిక్ ఉండదు, బ్రౌజర్ నిలువక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది. అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చే యానిమేషన్ తెలుగు శీర్షికకు అసలు పెట్టకండి. అది మాటను గుర్తులుగా విడగొడుతుంది. గుణింతం, వత్తు హల్లు నుంచి విడిపోయి చుక్కల వలయం మీద వేలాడతాయి. సాహిత్యం చదువుకోవడానికి వచ్చే పిల్లల ముందు త్యాగరాజస్వామి మాటలు అలా విరిగి కనిపించకూడదు.

ఇక ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంట్లు బోలెడన్ని ఉన్నాయి: నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి, మల్లన్న, రామభద్ర, సురవరం, తిరో తెలుగు, అనేక్ తెలుగు. కీర్తనల పుస్తకం తీరు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు మా మొదటి ఎంపిక. రామభద్ర శీర్షికలకు బాగుంటుంది, కానీ దానికి ఒకే బరువు ఉంది. టెంప్లేట్ శీర్షికను బోల్డ్ అడుగుతుంది. ఫాంట్‌లో బోల్డ్ లేకపోతే బ్రౌజర్ ఉన్న గీతనే దట్టం చేస్తుంది, అక్షరాల లోపలి సున్నలు పూడిపోతాయి. ఒకే బరువున్న ఫాంట్ వాడితే ‘ఫాంట్ వెయిట్’ 400 అని తప్పకుండా రాయండి.

‘ఫాంట్ ఫ్యామిలీ’లో వరుస ముఖ్యం. బ్రౌజర్ ఒక్కో అక్షరానికీ జాబితాలో మొదటి నుంచి వెతుకుతుంది, ఆ అక్షరం దొరికిన మొదటి ఫాంట్‌ను వాడుతుంది. కాబట్టి ముందు ఇంగ్లిష్ ఫాంట్, తర్వాత నోటో సెరిఫ్ తెలుగు, తర్వాత నోటో సెరిఫ్ కన్నడ, చివర ‘సెరిఫ్’. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు, కన్నడకు వేర్వేరు వరుసలు ఉన్నాయి కాబట్టి ఒకటి మరోదాని చోట రాదు. మీరిప్పుడు కన్నడ ఫాంట్ ఇవ్వలేదేమో చూడండి. ఇవ్వకపోతే ఒక్కో ఫోన్ తన దగ్గరున్న కన్నడ అక్షరాలను చూపిస్తుంది. ఒకే కీర్తన రెండు లిపుల్లో పక్కపక్కన పెట్టినప్పుడు వాటి ఎత్తులు కలవకపోవడానికి అదే కారణం.

టెంప్లేట్ శీర్షిక శైలి మీ నియమాన్ని కొట్టేస్తుంటే చివర ‘ఇంపార్టెంట్’ చేర్చండి, ముందు ఆశ్చర్యార్థకంతో. దీన్ని శీర్షికలకు, పేరాలకు మాత్రమే వాడండి. పేజీ మొత్తానికీ వాడితే మెనూ గుర్తులు, బాణాలు కూడా మారిపోవచ్చు, ఎందుకంటే కొన్ని టెంప్లేట్లలో అవీ ఒక ఫాంటే.

తెలుగు సాహిత్యం ఉన్న డబ్బాకు ‘ల్యాంగ్’ అనే గుణం ఇచ్చి విలువ ‘టీఈ’ అని రాయండి, కన్నడకు ‘కేఎన్’. బిల్డర్ పేజీ మొత్తాన్ని ఇంగ్లిష్‌గా ప్రకటిస్తుంది. తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడే చూపులేనివాళ్ళకు ఏ భాష గొంతుతో చదవాలో ఈ గుణమే చెబుతుంది. కోడ్ బ్లాకులో హెచ్‌టీఎంఎల్‌గా రాస్తే దీన్ని చేర్చవచ్చు.

ఒక పక్క మాట. పాత కరపత్రాల నుంచి, డీటీపీ చేసినవాళ్ళ దగ్గర నుంచి తెచ్చిన సాహిత్యం ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే పేస్ట్ చేయగానే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ కాదు, ఎన్ని ఫాంట్లు మార్చినా తెలుగు కాదు. ముందు యూనికోడ్‌కు మార్చి, దీర్ఘాలు, వత్తులు ఒకసారి సరిచూసి ఆ తర్వాత పెట్టండి.

ప్రశ్న: వర్డ్‌ప్రెస్‌లో మా ట్యూషన్ సెంటర్ సైటు. మేనల్లుడు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్ట్‌ను పోస్టులో పేస్ట్ చేస్తే, కోడ్ పనిచేయడం మాని పేజీ మీద అక్షరాలుగా అచ్చవుతోంది. వాడి ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోందట.
– ఒక పాఠకుడు, కృష్ణరాజపురం

జవాబు: దీనికి మూడు కారణాలు ఉండొచ్చు, ఒక్కోదాని గుర్తు వేరు.

కోడ్ లోపలి మాటలు కనిపిస్తూ ‘స్క్రిప్ట్’ అన్న ట్యాగ్ మాత్రం మాయమైందా? అయితే వర్డ్‌ప్రెస్ దాన్ని కత్తిరించింది. సొంత హోస్టింగ్‌లో ఉన్న మామూలు వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్ పాత్రలవాళ్ళు పెట్టిన స్క్రిప్ట్ నిలుస్తుంది, ఆథర్ పాత్రవాళ్ళది నిలవదు. ఒకే ఇన్‌స్టలేషన్‌లో చాలా సైట్లుండే మల్టీసైట్‌లో అయితే సూపర్ అడ్మిన్‌కే ఆ హక్కు. మీరు ఏ పాత్రతో లాగిన్ అయ్యారో చూసుకోండి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్ అయితే ఏ పాత్రైనా ఇదే గతి.

ట్యాగ్‌తో సహా మొత్తం కనిపిస్తుంటే మీరు పేరా బ్లాకులో పేస్ట్ చేశారు. ‘కస్టమ్ హెచ్‌టీఎంఎల్’ బ్లాకు తీసుకోండి. పేరాలో పెట్టిన కోడ్‌ను వర్డ్‌ప్రెస్ రాతగా భావించి కొటేషన్లను వంకరగా మారుస్తుంది.

ఏమీ కనిపించక, ఏమీ జరగకపోతే మేనల్లుడు పంపిన దారిని అనుమానించండి. ఐఫోన్ కీబోర్డులో ‘స్మార్ట్ పంక్చుయేషన్’ ఆన్‌లో ఉంటే, లేదా మధ్యలో వర్డ్ ఫైలులోకి వెళ్ళి వస్తే నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లవుతాయి, రెండు అడ్డగీతలు ఒక పొడవు గీతవుతాయి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, జే కలిపి నొక్కితే కన్సోల్ తెరుచుకుంటుంది. అక్కడ ఎర్రగా ‘ఇన్‌వాలిడ్ ఆర్ అనెక్స్‌పెక్టెడ్ టోకెన్’ అని ఉంటే ఇదే జబ్బు. కోడ్‌ను సందేశంగా కాక టెక్స్ట్ ఫైలుగా పంపమనండి.

థీమ్ ఫైళ్ళలో, ముఖ్యంగా హెడర్ ఫైలులో, నేరుగా అతికించకండి. థీమ్ అప్‌డేట్ అయిన రోజు అది తుడిచిపెట్టుకుపోతుంది. డబ్ల్యూపీకోడ్ లాంటి ప్లగిన్‌లో హెడర్, బాడీ, ఫుటర్ గడులు విడిగా ఉంటాయి, అక్కడ పెట్టండి.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో మాకు పీజీ ఉంది. ఎక్కువమంది మన రాయలసీమ, నెల్లూరు పిల్లలే. నెల అద్దె సైటులోనే కట్టేలా చేయాలని ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే రేజర్‌పే కోడ్ పెట్టించాం. పెట్టిన అబ్బాయి కీ ఐడీ, కీ సీక్రెట్ రెండూ పేజీ కోడ్‌లోనే రాశాడు. పనిచేస్తోంది. ఇలా ఉండొచ్చా? యూపీఐ లింకు పెడితే ఛార్జీలు లేకుండా అయిపోతుందని ఇంకొకరు అంటున్నారు.
– ఒక పీజీ యజమాని, బీటీఎం లేఅవుట్

జవాబు: ఈ కాలమ్ పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి: రేజర్‌పే డాష్‌బోర్డులో ఏపీఐ కీల పేజీకి వెళ్ళి కొత్త కీ పుట్టించి, పాతదాన్ని వెంటనే రద్దు చేయండి. సైటు నుంచి ఆ కోడ్ తీసేయండి.

పేజీలో రాసిన ప్రతి అక్షరం చూడవచ్చిన ప్రతివాళ్ళ కంప్యూటర్‌కూ వెళుతుంది. కంట్రోల్, యూ నొక్కితే చాలు, మొత్తం కనిపిస్తుంది. కీ ఐడీ కనిపించినా పర్వాలేదు, అది అందుకే ఉంది. సీక్రెట్ మాత్రం మీ ఖాతా తరఫున ఆదేశాలిచ్చే తాళంచెవి, సర్వర్‌లో తప్ప ఎక్కడా ఉండకూడదు. పేజీ నుంచి చెరిపినంత మాత్రాన సరిపోదు. పాత ప్రతులు బ్రౌజర్లు, సెర్చ్ ఇంజన్లు దాచుకునే క్యాష్‌లలో మిగిలి ఉండొచ్చు. రద్దు చేస్తేనే భద్రం.

సీక్రెట్‌తో పాటు ఇంకో లోపం ఉండే అవకాశం ఉంది. అద్దె మొత్తం పేజీ కోడ్‌లోనే రాసి ఉంటే, బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెలిసిన కుర్రాడు 8,500ను 85గా మార్చి కట్టగలడు. రేజర్‌పే రశీదు కూడా వస్తుంది, 85 రూపాయలకు. మొత్తం ఎప్పుడూ సర్వర్‌లోనో రేజర్‌పే డాష్‌బోర్డులోనో నిర్ణయం కావాలి.

బిల్డర్ సైటుకు సొంత సర్వర్ లేదు కాబట్టి మీకు సరైన దారి డాష్‌బోర్డులోనే ‘పేమెంట్ పేజ్’ చేసుకోవడం. సింగిల్ షేరింగ్, డబుల్ షేరింగ్ అద్దెలు, అడ్వాన్స్ అక్కడే పెట్టండి. గది నంబరు, ఫోన్ నంబరు అడిగే గడులు చేర్చండి. వచ్చే లింకును మీ సైటులో మామూలు బటన్‌కు ఇవ్వండి. పేజీలో ఒక్క పంక్తి కోడ్ ఉండదు, ఉచిత ప్లాన్‌లోనూ పనిచేస్తుంది.

‘పేమెంట్ బటన్’ అనే ఇంకొకటుంది. అది ఒక ఫారం ట్యాగ్, దాని లోపల ఒక స్క్రిప్ట్. మొత్తం అలాగే ఉండాలి. ఫారం ట్యాగ్ అనవసరమనుకుని తీసేస్తే బటన్ రాదు. దీన్ని ఎంబెడ్ పెట్టెలో పెడితే చెల్లింపు తెర కూడా ఆ పెట్టె కొలతలోనే తెరుచుకుని సగం తెగి కనిపిస్తుంది. పేజీలోనే కోడ్ నడిపే సదుపాయం ఉంటేనే ఇది వాడండి. టెస్ట్ మోడ్‌లో చేసిన బటన్‌ను పెట్టేసి డబ్బు రాలేదని వాపోయిన ఉత్తరాలూ ఉన్నాయి. డాష్‌బోర్డులో లైవ్ మోడ్‌కు మారి, బటన్ మళ్ళీ చేయాలి.

యూపీఐ లింకు సంగతి. అందులో చెల్లింపు పొందేవారి యూపీఐ ఐడీ, పేరు, మొత్తం, కరెన్సీ ఐఎన్‌ఆర్ అని ఉంటాయి. ఫోన్‌లో నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఏమీ జరగదు. ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌ల లోపలి బ్రౌజర్‌లో, ఎంబెడ్ పెట్టెలో చాలాసార్లు తెరుచుకోదు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు వచ్చిందో లేదో మీ పేజీకి తెలియదు. లింకు నొక్కి వెనక్కి వచ్చినవాడికి ‘ధన్యవాదాలు, అద్దె అందింది’ అని చూపే కోడ్‌లు తిరుగుతున్నాయి, వాటిని నమ్మకండి. పదిమంది ఉన్న పీజీకి క్యూఆర్ బొమ్మ పెట్టి, బ్యాంకు సందేశంతో సరిచూసుకుంటే సరే. యాభైమంది ఉంటే ఎవరు కట్టారో గదుల వారీగా తేలడానికి రేజర్‌పే లాంటి గేట్‌వేకు ఛార్జీ ఇవ్వడమే నయం.

ప్రశ్న: హెడర్ గడిలో ఒక చిన్న స్టైల్ కోడ్ పెట్టి పబ్లిష్ చేశాక సైటు మొత్తం తెల్లగా అయిపోయింది. ఎడిటర్‌లో మాత్రం అన్నీ ఉన్నాయి.
– ఒక పాఠకుడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: స్టైల్ ట్యాగ్ మూయలేదు. తెరిచిన స్టైల్ ట్యాగ్ మూతపడేదాకా బ్రౌజర్ వచ్చినదంతా శైలి నియమాలేననుకుని మింగేస్తుంది, మీ పేజీతో సహా. వ్యాఖ్య గుర్తు మూయకపోయినా ఇంతే. పైన వర్డ్‌ప్రెస్ జవాబులో చెప్పిన రెండు అడ్డగీతలు ఒకటైపోవడం వల్ల వ్యాఖ్య మూతపడకపోవడం తరచుగా జరుగుతుంది. మూసే ట్యాగ్ ఉందా, దాని ఏటవాలు గీత ఉందా చూడండి. కనబడకపోతే గడిలో ఉన్నదంతా ఒక టెక్స్ట్ ఫైలులోకి తీసి, గడి ఖాళీ చేసి పబ్లిష్ చేయండి. సైటు వచ్చాక ముక్కలను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి.

వర్డ్‌ప్రెస్‌లో పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే కోడ్) ముక్క వల్ల సైటు ఆగితే విషయం వేరు. 5.2 వెర్షన్ నుంచి ప్లగిన్ గానీ థీమ్ గానీ కూలితే అడ్మిన్ ఈమెయిల్‌కు రికవరీ లింకు వస్తుంది. ఆ ఈమెయిల్ మీ దగ్గరే ఉందో, సైటు కట్టిచ్చినవాళ్ళదో ఇప్పుడే చూసుకోండి.

ప్రశ్న: అనలిటిక్స్‌లో పేజీలు చూసిన లెక్క ఉన్నట్టుండి రెట్టింపయింది, ఆర్డర్లు మాత్రం అంతే.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: కోడ్ రెండుసార్లు ఉంది. బిల్డర్ సెట్టింగ్స్‌లో ఐడీ ఇచ్చి, హెడ్‌లో కూడా కోడ్ పేస్ట్ చేసి ఉంటారు, లేదా ఇలాంటి కోడ్‌లను ఒకేచోట నుంచి పెట్టే గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో ఇంకొకటి ఉంటుంది. పేజీ సోర్సులో, ట్యాగ్ మేనేజర్‌లో ‘జీ’, అడ్డగీతతో మొదలయ్యే మీ ఐడీ వెతకండి. ఒక్క దారి ఉంచి మిగతావి తీసేయండి. ‘యూఏ’తో మొదలయ్యేది కనిపిస్తే అదీ తీసేయండి. అది పాత అనలిటిక్స్, 2023 జూలై 1 నుంచి లెక్క తీసుకోవడం ఆపేసింది.

ప్రశ్న: సందర్శకుల కౌంటర్, పండగలకు పూలు రాలే ఎఫెక్ట్ లాంటివి ఉచితంగా ఇచ్చే సైట్ల కోడ్ పెట్టుకోవచ్చా? ఒక్క పంక్తే కదా.
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: ఆ ఒక్క పంక్తి మీ పేజీలో కోడ్ పెట్టదు, వేరేవాళ్ళ సర్వర్ నుంచి తెచ్చుకోమని చెబుతుంది. వాళ్ళు ఈరోజు ఇచ్చిందే రేపూ ఇస్తారన్న హామీ లేదు. పాలీఫిల్ డాట్ ఐఓ ఉదంతం దీనికి పెద్ద ఉదాహరణ. పాత బ్రౌజర్లకు సాయపడే మంచి స్క్రిప్ట్‌గా ఏళ్ళ తరబడి పేరున్నది. 2024లో ఆ డొమైన్ చేతులు మారింది. ఆ ఏడాది జూన్‌లో అదే చిరునామా నుంచి సందర్శకులను మోసపు సైట్లకు మళ్ళించే కోడ్ వెళుతోందని బయటపడింది. లక్షకు పైగా సైట్లలో ఆ పంక్తి ఉంది. వాటి యజమానులెవరూ తమ సైటులో ఒక్క అక్షరం మార్చలేదు.

తప్పదనుకుంటే స్క్రిప్ట్‌ను పేజీలో కాక ఎంబెడ్ పెట్టెలో పెట్టండి. మొదటి జవాబులో ఇబ్బంది పెట్టిన గోడ ఇక్కడ మీకు కాపలా కాస్తుంది, పేజీలోని ఫారాలను ఆ కోడ్ చదవలేదు. వెర్షన్ నంబరు ఉన్న, మారని ఫైలైతే ‘ఇంటెగ్రిటీ’ అనే గుణం చేర్చండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ దాన్ని నడపదు. చెల్లింపు పేజీలో, ఫోన్ నంబర్లు తీసుకునే పేజీలో మాత్రం ఇలాంటివి ఏ రూపంలోనూ వద్దు. కౌంటర్ వల్ల మీకు వచ్చేదేమిటి? ఆ లెక్క అనలిటిక్స్‌లో మీకు ఎలాగూ ఉంది.

ప్రశ్న: బ్లాగర్ థీమ్‌లో కోడ్ పెడితే సేవ్ కావడం లేదు. అదే కోడ్ వేరే చోట పనిచేస్తోంది.
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: బ్లాగర్ థీమ్ ఎక్స్‌ఎంఎల్, దానికి వ్యాకరణం కఠినం. ‘అసింక్’ అని ఊరికే రాస్తే ఒప్పుకోదు, సమాన గుర్తు పెట్టి కొటేషన్లలో మళ్ళీ ‘అసింక్’ అని విలువ ఇవ్వాలి. చిరునామాల్లో వచ్చే & గుర్తును అలాగే ఉంచకూడదు. దాని వెంటనే ఏఎంపీ అన్న మూడు చిన్నక్షరాలు, సెమీకోలన్ చేర్చాలి. మెటా, బొమ్మ ట్యాగ్‌లు కూడా చివర ఏటవాలు గీతతో మూయాలి. హెడ్‌లోనే ఉండాల్సిన కోడ్ కాకపోతే ఈ తిప్పలు వద్దు. ‘లేఅవుట్’లో ‘హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్’ గ్యాడ్జెట్ పెట్టి అందులో పేస్ట్ చేయండి, అక్కడ కోడ్‌ను ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. థీమ్‌లోనే మార్చాలంటే ముందు బ్యాకప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.